తీర్పు వచ్చింది సరే, కాగితం ఉందా?

(ద్రాక్షారామంలో మన హైస్కూలు పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ మధ్య వచ్చిన కోర్టు తీర్పుల గురించి అరగంట మాట్లాడమని సంఘం వారు అడిగారు. సెక్షన్ల నంబర్లు చదివి ఎవరినీ నిద్రపుచ్చకూడదని షరతు కూడా పెట్టారు. నోటిమాట షరతు కాబట్టి కోర్టులో నిలవదు. అయినా పాటిస్తాను.

మన సంఘానికి యాభై ఏళ్లు నిండాయి. మొదటి రోజుల్లో ఇందులో చేరినవారు ఇప్పుడు మనవల్ని ఎత్తుకుంటున్నారు. ఈ యాభై ఏళ్లలో కుటుంబ ఆస్తి హక్కుల చట్టం చాలా మారింది. ఆడపిల్లకు, ముసలి తల్లిదండ్రులకు, ఇంటి ఇల్లాలికి పెద్ద కోర్టులు కొత్త బలం ఇచ్చాయి. కానీ రామచంద్రపురం కోర్టు వరండాలో ఇన్నేళ్లు తిరిగాక నాకు అర్థమైంది ఒకటే. ఢిల్లీలో వచ్చిన తీర్పు మన ఇంటి గుమ్మం దాకా తనంతట తాను నడిచి రాదు. వాయిదా నాడు జడ్జి గారు అడిగే ప్రశ్నలు రెండు: కాగితం ఏది? తేదీ ఏది? ఈ రెండింటికీ జవాబు ఉన్నవాళ్లకే తీర్పు అక్కరకొస్తుంది. నేను చెప్పబోయే ప్రతి తీర్పులోనూ ఈ రెండు ప్రశ్నలే కనిపిస్తాయి.

ఆడపిల్లల వాటా

ఈ విషయంలో మన రాష్ట్రం ముందు నడిచింది. ఎన్టీ రామారావు గారు ముఖ్యమంత్రిగా ఉండగా చేసిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి అమల్లోకి వచ్చింది. ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కొడుకుతో పాటు కూతురికీ పుట్టుకతోనే హక్కు ఉంటుందని ఆ సవరణ చెప్పింది. అయితే ఆ తేదీకి ముందే పెళ్లయిన ఆడపిల్లకు అది వర్తించలేదు. అంటే 1984లో పెళ్లయిన అక్కకు వాటా లేదు, 1986లో పెళ్లయిన చెల్లెలికి ఉంది. ఒక తల్లి బిడ్డల మధ్య పెళ్లి ముహూర్తం గీత గీసింది. మన తొలి బ్యాచ్‌ల అక్కచెల్లెళ్లలో చాలామంది ఆ గీతకు అవతలే ఉండిపోయారు.

తర్వాత కేంద్రం హిందూ వారసత్వ చట్టాన్ని సవరించింది. 2005 సెప్టెంబరు 9 నుంచి దేశమంతటా కూతురికి కొడుకుతో సమానంగా పుట్టుకతో హక్కు వచ్చింది. పెళ్లయిందా లేదా అన్న తేడా పోయింది. కానీ కొత్త సందేహం పుట్టింది. ఆ తేదీ నాటికి తండ్రి బతికి ఉండాలా, అంతకుముందే పోయినా హక్కు ఉంటుందా? సుప్రీంకోర్టులోనే వేర్వేరు ధర్మాసనాలు వేర్వేరుగా చెప్పాయి. చివరికి వినీతా శర్మ కేసులో 2020 ఆగస్టు 11న ముగ్గురు జడ్జీల ధర్మాసనం తేల్చింది. హక్కు పుట్టుకతో వచ్చింది కాబట్టి 2005 నాటికి తండ్రి బతికి ఉన్నాడా లేదా అన్నదాంతో పని లేదంది.

ఇక్కడితో కథ అయిపోయిందనుకుంటే పొరపాటు. 2004 డిసెంబరు 20వ తేదీకి ముందు జరిగిన పంపకాలను, అమ్మకాలను చట్టం కదిలించదు. ఆడపిల్లలు అడగగానే అన్నదమ్ములు చెప్పే మాట కూడా అదే: "మేం ఎప్పుడో పంచేసుకున్నాం." ఆ పంపకం రిజిస్టరైన పారీఖత్తుగా గానీ, కోర్టు డిక్రీగా గానీ ఉంటే నిలుస్తుంది. నోటిమాటగా పంచుకున్నామంటే కోర్టు మామూలుగా ఒప్పుకోదు. సర్కారు రికార్డులు గట్టిగా బలపరిచిన అరుదైన సందర్భాల్లో మాత్రమే ఒప్పుకోవచ్చని ఆ తీర్పులోనే ఉంది. నా దగ్గరకు వచ్చే అన్నదమ్ములు చాలాసార్లు తెచ్చేది ఒక తెల్లకాగితం. దాని మీద ఊరి పెద్దల సంతకాలుంటాయి. ఆ పెద్దల్లో ఒక్కరు కూడా సాక్ష్యం చెప్పడానికి మిగిలి ఉండరు.

అక్కచెల్లెళ్లకు కూడా ఒక మాట చెప్పాలి. ఈ తీర్పు ఉమ్మడి ఆస్తి గురించినది. నాన్న సొంత సంపాదనను ఆయన విల్లు రాసి ఎవరికైనా ఇచ్చుకోవచ్చు. విల్లు లేకుండా పోతే మాత్రం ఆయన భార్యకు, తల్లికి, కొడుకులకు, కూతుళ్లకు సమానంగా వస్తుంది. ఇక సంక్రాంతికి పుట్టింటికి వచ్చినప్పుడు పండగ మర్నాడు రిజిస్ట్రారు ఆఫీసుకి తీసుకెళ్లి సంతకం పెట్టమంటే, ముందు ఆ కాగితం చదవండి. హక్కు విడుదల దస్తావేజు మీద సంతకం పడితే దాన్ని వెనక్కి తీసుకోవడం చాలా కష్టం. అన్నదమ్ముల మీద ప్రేమతో వదులుకుంటే అది మీ ఇష్టం. అందులో ఏం రాసి ఉందో తెలియకుండా వదులుకుంటే దాన్ని ఇష్టం అనరు.

మనవైపు పసుపు కుంకుమల కింద ఆడపిల్లకు ఎకరమో అర ఎకరమో ఇవ్వడం ఆచారం. ఇచ్చేది పందిట్లో, అందరి ముందూ, నోటిమాటగా. పాసుపుస్తకం అన్న పేరుమీదే ఉంటుంది. అన్న ఉన్నన్నాళ్లు పంట కాగానే కౌలు డబ్బులు పంపుతాడు. అన్న కొడుకుల కాలం వచ్చేసరికి "ఏ పొలం అత్తా?" అంటారు. స్థిరాస్తిని దానంగా ఇస్తే ఇద్దరు సాక్షుల సంతకాలతో దస్తావేజు రిజిస్టరు కావాలని ఆస్తి బదిలీ చట్టం చెబుతోంది. పందిట్లో ఐదు వందల మంది విన్నా ఆ రెండు సాక్షి సంతకాలకు సాటిరారు. ఇచ్చిన అన్నయ్య బతికుండగానే ఆ పని పూర్తి చేయించుకోండి. అది అపనమ్మకం కాదు. ఆయన ఇచ్చిన మాటను ఆయన తర్వాత కూడా నిలబెట్టడం.

అమ్మానాన్నలు రాసిచ్చిన ఇల్లు

రెండో సంగతి చెప్పడానికి మనసొప్పదు, అయినా చెప్పాలి. ఉన్న ఇల్లు, పొలం పిల్లలకు దాన సెటిల్‌మెంటు రాసిచ్చేసి, ఆ తర్వాత అన్నానికి వాళ్ల చేతివంక చూసే తల్లిదండ్రులు మన ఊళ్లలోనూ ఉన్నారు. వాళ్ల కోసం 2007లో తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం వచ్చింది. మన ప్రాంతంలో దాని కింద విచారణ చేసేది ఆర్డీవో. నెలకు పదివేల రూపాయల దాకా పోషణ ఇప్పించవచ్చు. బాగా చూసుకోవాలన్న షరతు మీద రాసిచ్చిన ఆస్తి అయితే, ఆ షరతు తప్పినప్పుడు దస్తావేజును రద్దు చేయవచ్చు.

ఆ షరతు ఎక్కడ ఉండాలి అన్నదే అసలు ప్రశ్న. 2022 డిసెంబరులో సుప్రీంకోర్టు ముందుకు ఒక తల్లి కేసు వచ్చింది. పిల్లలు తనను చూడటం లేదు కాబట్టి రాసిచ్చిన భూమి తిరిగి ఇప్పించమని ఆమె అడిగింది. బాగోగులు చూడాలన్న షరతు మీద ఇచ్చినట్టు ఆమె చెప్పలేదు, రుజువూ లేదు. ప్రేమతో ఇచ్చేటప్పుడు ఎవరూ ప్రతిఫలం ఆశించరు కాబట్టి షరతు ఉందని ఊహించలేమని కోర్టు అంది. తల్లి ఓడిపోయింది.

2025 జనవరి 2న ఊర్మిళా దీక్షిత్ కేసులో ఇంకో తీర్పు వచ్చింది. ఆవిడది మధ్యప్రదేశ్. 2019లో కొడుక్కి ఇల్లు దానంగా రాసింది. తల్లిని చూసుకుంటాడని దస్తావేజులో ఉంది. అదే రోజు కొడుకు విడిగా ఒక హామీ పత్రం కూడా రాశాడు. చూడకపోతే ఆస్తి వెనక్కి తీసుకోవచ్చని అందులో ఉంది. రద్దు షరతు దస్తావేజులోనే లేదు కదా అని హైకోర్టు డివిజన్ బెంచ్ కొడుకు పక్షం చెప్పింది. సుప్రీంకోర్టు ఆ రెండు కాగితాలనూ కలిపి చదివింది. ఇది వృద్ధుల మేలు కోసం చేసిన చట్టం కాబట్టి ఆ మేలు నెరవేరేలా అర్థం చేసుకోవాలని చెప్పి, దానపత్రం రద్దు చేసి, ఇల్లు తల్లికి అప్పగించమంది. అవసరమైతే ఇల్లు ఖాళీ చేయించే అధికారం కూడా ట్రిబ్యునల్‌కు ఉందని స్పష్టం చేసింది.

ఇద్దరు తల్లులదీ దాదాపు ఒకే బాధ. ఒకరు గెలిచారు, ఒకరు ఓడారు. మధ్యలో ఉన్న తేడా ఒక కాగితం.

"కన్నకొడుకుతో షరతులు రాయించుకోవడం ఏం బాగుంటుందండీ" అంటారు. మన భీమేశ్వరాలయానికి రోజూ వెళ్తాం కదా. అక్కడి గోడల మీద, స్తంభాల మీద వందల శాసనాలున్నాయి. చాళుక్యుల కాలం నుంచీ రాజులు, రాణులు, మామూలు గృహస్థులు కూడా స్వామికి ఇచ్చిన దానాలు అవి. ఎవరిచ్చారు, ఏమిచ్చారు, దేనికిచ్చారు, అఖండ దీపానికైతే నెయ్యి కోసం ఎన్ని జీవాలు, అవి ఎవరి అధీనంలో ఉండాలి, ఇవన్నీ సూర్యచంద్రులున్నంత కాలం నిలవాలని చెక్కించారు. దేవుడికి ఇచ్చేటప్పుడే మన పెద్దలు షరతు రాతి మీద చెక్కించారు. కొడుక్కి ఇచ్చేటప్పుడు కాగితం మీద రాయడానికి మొహమాటం దేనికి?

కాబట్టి దాన సెటిల్‌మెంటు రాస్తే, "జీవితాంతం మా తిండి, బట్ట, వైద్యం, నివాసం చూడాలి, చూడనప్పుడు ఈ దానం రద్దవుతుంది" అని అందులోనే రాయించండి. ఇంకా మంచిది విల్లు. విల్లును మనం బతికున్నన్నాళ్లు ఎన్నిసార్లైనా మార్చుకోవచ్చు.

ఇల్లాలి లెక్క

1977లో సుప్రీంకోర్టులో తులశమ్మ కేసు తేలింది. మన తెలుగు నేల మీద పుట్టిన కేసు అది. భర్త పోయిన ఆవిడ పోషణ కోసం మరిది మీద దావా వేసింది. 1949లో జరిగిన రాజీలో కొంత ఆస్తిని బతికున్నంత కాలం అనుభవించమని ఇచ్చారు. తర్వాత ఆవిడ దాన్ని ఇతరులకు ఇస్తే, నీకు అనుభవించే హక్కే గానీ ఇచ్చే హక్కు లేదని మరిది కోర్టుకెళ్లాడు. పోషణ హక్కుకు బదులుగా వచ్చిన ఆస్తి కాబట్టి 1956 నాటి హిందూ వారసత్వ చట్టంతో అది ఆవిడ సొంతమైపోయిందని సుప్రీంకోర్టు చెప్పింది. దేశంలో ఎందరో ఆడవాళ్లకు ఆ తెలుగు ఇల్లాలి కేసు దారి చూపింది.

అయితే ఆ తర్వాత వచ్చిన తీర్పులు అన్నీ ఒక దారిలో సాగలేదు. 2024 డిసెంబరులో జస్టిస్ పి.ఎస్. నరసింహ, జస్టిస్ సందీప్ మెహతాల ధర్మాసనం ఈ ప్రశ్నను తేల్చడానికి పెద్ద ధర్మాసనం కావాలని పంపింది. మనకెందుకంటే, మనవైపు విల్లుల్లో సగం ఇలాగే ఉంటాయి: "నా భార్య జీవితాంతం అనుభవించి, తదనంతరం నా కుమారులు పొందవలెను." అలాంటి విల్లు మీ బీరువాలో ఉంటే, భార్యకు ఇస్తున్నది పూర్తి హక్కా, అనుభవం మాత్రమేనా, ఆమె పోషణ కోసమా అన్నది ఇప్పుడే స్పష్టంగా రాయించండి. మీ విల్లు మీద మీ వాళ్లు పదేళ్లు దావా నడపకూడదు కదా.

ఇంకొకటి 2021 జనవరి 5 నాటి తీర్పు. ఢిల్లీలో రోడ్డు ప్రమాదంలో భార్యాభర్తలిద్దరూ పోయారు. ఆ ఇల్లాలు ఉద్యోగం చేయలేదు కాబట్టి ఆమె సంపాదన ఏమిటన్న ప్రశ్న వచ్చింది. ఆ ధర్మాసనంలో మన కృష్ణా జిల్లా వారైన జస్టిస్ ఎన్.వి. రమణ గారు ఉన్నారు. వంట, సంత, పిల్లల పెంపకం, ముసలివాళ్ల సేవ, పల్లెటూళ్లలో నాట్లు, కోతలు, పాడి, ఇవన్నీ పనులే, వీటికి విలువ కట్టాల్సిందేనని ఆయన విడిగా రాశారు. 2011 జనాభా లెక్కల్లో తమ ముఖ్య వృత్తి ఇంటిపని అని చెప్పిన స్త్రీలు దాదాపు 16 కోట్లు, పురుషులు 58 లక్షలు. 2019 నాటి సర్వే ప్రకారం జీతం లేని ఇంటిపనికి రోజుకు స్త్రీ 299 నిమిషాలు, పురుషుడు 97 నిమిషాలు వెచ్చిస్తున్నారు. ఈ లెక్కలు ఆ తీర్పులోనే ఉన్నాయి. హైకోర్టు 22 లక్షలకు తగ్గించిన పరిహారాన్ని సుప్రీంకోర్టు 33.20 లక్షలకు పెంచింది.

2024 జూలై 10న తెలంగాణ నుంచి వెళ్లిన కేసులో, విడాకులు పొందిన ముస్లిం మహిళ కూడా అందరు స్త్రీలలాగే క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 125వ సెక్షన్ కింద మనోవర్తి కోరవచ్చని సుప్రీంకోర్టు చెప్పింది. భార్య పేరు కలిపి జాయింటు ఖాతా తెరవడం, ఏటీఎం కార్డు ఆమెకూ అందుబాటులో ఉంచడం వంటివి భర్తలు చేయాలని జస్టిస్ బి.వి. నాగరత్న గారు అందులో రాశారు. ఆ మాట ఏ మతంలోని భర్తకైనా వర్తిస్తుంది. ఇంటికెళ్లాక చేయగల పని అది. దానికి కోర్టుకి రానక్కర్లేదు.

మాస్టార్లకు రెండు మాటలు

ఇక్కడ మాస్టార్లు, టీచరమ్మలు చాలామంది ఉన్నారు. 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఒకటి మీ ఇళ్లలో నిద్ర పోగొట్టింది. ఒకటి నుంచి ఎనిమిదో తరగతి వరకు చెప్పే టీచర్లకు టెట్ తప్పనిసరి అంది. విద్యాహక్కు చట్టానికి ముందు ఉద్యోగంలో చేరినవారు, రిటైర్మెంటుకు ఐదేళ్ల కంటే ఎక్కువ కాలం ఉంటే, తీర్పు తేదీ నుంచి రెండేళ్లలో పాసవ్వాలి. ఐదేళ్ల లోపు ఉన్నవారు టెట్ లేకుండానే కొనసాగవచ్చు, ప్రమోషను కావాలంటే మాత్రం పాసవ్వాలి. ముప్పై ఏళ్లు పాఠం చెప్పినవారిని మళ్లీ పరీక్ష రాయమంటే మనసు చివుక్కుమంటుంది. దాని మీద పోరాడేవారు పోరాడవచ్చు. కానీ గడువును ఎవరి మనసూ ఆపదు. పోరాటం ఒక చేత్తో, పుస్తకం ఒక చేత్తో పట్టుకోమని నా సలహా.

రిటైరైన మాస్టార్లకు మాత్రం చల్లని మాట. కేరళలో ఒక హైస్కూలు ఉపాధ్యాయుడికి పొరపాటుగా ఇంక్రిమెంట్లు ఎక్కువ ఇచ్చామని రిటైరైన తర్వాత ఆ డబ్బు వెనక్కి కట్టమన్నారు. ఆయన వైపు మోసం, తప్పుడు సమాచారం ఏమీ లేవు, పొరపాటు లెక్క కట్టినవారిది. ఇన్నేళ్ల తర్వాత వసూలు చేయడం న్యాయం కాదని 2022 మేలో సుప్రీంకోర్టు చెప్పింది. అలాంటి నోటీసు ఎవరికైనా వస్తే కంగారుపడి చెల్లించేయకండి. సర్వీసు రిజిస్టరు నకలు తెచ్చుకుని సలహా తీసుకోండి.

తేదీలు మరవొద్దు

కాగితం ఉన్నా తేదీ దాటితే వృథా. ప్రోనోటుకు మూడేళ్లు. మూడేళ్లు నిండకముందే కొంత బాకీ చెల్లించి వెనుక సంతకంతో చెల్లు వేస్తే, అక్కడి నుంచి మళ్లీ మూడేళ్లు. చెక్కు వెనక్కి వస్తే, బ్యాంకు నుంచి సమాచారం అందిన 30 రోజుల్లో నోటీసు ఇవ్వాలి. అది అందిన 15 రోజుల్లో డబ్బు రాకపోతే, ఆ తర్వాత నెల లోపు కేసు వేయాలి. రోడ్డు ప్రమాదంలో పరిహారం దావాకు ఆరు నెలల గడువు 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఆ గడువు చెల్లుతుందా లేదా అన్న వాదం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. అది తేలేదాకా కూర్చోకండి. పెద్దకర్మ అయిన వారంలోనే కాగితాలు పట్టుకుని ఎవరినైనా కలవండి.

మనం చేయగలిగింది

లాయరు ఫీజు ఇచ్చుకోలేమని ఆగిపోయేవాళ్లు ఉన్నారు. న్యాయ సేవల అధికార సంస్థల చట్టం కింద స్త్రీలకు, పిల్లలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా లాయరును పెడతారు. 15100 నంబరుకు ఫోను చేయవచ్చు. లోక్ అదాలత్‌లో రాజీ పడితే కట్టిన కోర్టు ఫీజు తిరిగి వస్తుంది, దాని మీద అప్పీలు ఉండదు. అన్నాచెల్లెళ్ల కేసులు అక్కడ ముగిస్తే నాకు ఎంతో ఆనందం. డిక్రీ గెలిచిన తోబుట్టువులు మళ్లీ ఒక విస్తట్లో తినడం నేను చూడలేదు. రాజీ పడినవాళ్లు తినడం చూశాను.

సంఘం వారికి ఒక విన్నపం. స్వర్ణోత్సవం గుర్తుగా ఏటా ఒక ఆదివారం మన బడి తరగతి గదుల్లో "కాగితాల రోజు" పెడదాం. మనలో లాయర్లున్నారు, రెవెన్యూలో, రిజిస్ట్రేషన్‌లో, బ్యాంకుల్లో పనిచేసినవారున్నారు. ఊళ్లోవాళ్లు ఎవరైనా తమ దస్తావేజు, విల్లు, పాసుపుస్తకం తెచ్చుకుంటే చదివి, అందులో ఏముందో, ఏం లేదో చెబుదాం. తగువులు తీర్చొద్దు, కాగితం చదివి పెడదాం చాలు. మొదటి ఏడాది నా బల్ల నేను వేసుకుంటాను. మిగిలిన బల్లలకు పేర్లు ఈ సభ ముగిసేలోగా ఇవ్వండి. నోటిమాటగా వద్దు, రాసి ఇవ్వండి.